కొత్తగా వాలీబాల్ ఆడేవారు ముందుగా ఏమి సాధన చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు ఆరు నెలలుగా ఆడుతున్నారు. మీది సగటు ఎత్తు. వారానికి మూడు సాయంత్రాలు గంటసేపు కోర్టు దొరుకుతోంది, ఆ సమయంలో ఎక్కువ భాగం స్మాష్ మీదే పెడుతున్నారు. అయినా మ్యాచ్ ఉన్నప్పుడు మిమ్మల్ని పక్కన కూర్చోబెడుతున్నారు, ఎప్పుడైనా ఆడించినా ఎదుటి జట్టు సర్వీసులన్నీ మీ మీదికే వేస్తోంది. ఇందులో ఏమి మార్చుకోవాలని, లిబెరోగా (వెనుక వరుసలో మాత్రమే ఆడే ప్రత్యేక ఆటగాడిగా) మారాలా అని అడిగారు.

నా సమాధానం సూటిగా చెబుతాను. రాబోయే మూడు నెలలు మీ సమయంలో కనీసం సగం సర్వీస్ అందుకోవడానికి (రిసీవ్), సర్వీస్ చేయడానికి కేటాయించండి. స్మాష్‌కు పావు వంతుకు మించనక్కర లేదు. రిసీవ్‌లో మీరు అలవరచుకోవలసిన పద్ధతి ఒకటే: బంతి మిమ్మల్ని చేరే క్షణానికి మీ పాదాలు కదలిక ముగించి నిలిచి ఉండాలి. కొత్త ఆటగాళ్లలో నేను సరిదిద్దే లోపాల్లో చాలావరకు చేతుల్లో కనిపిస్తాయి గానీ పాదాల్లో పుడతాయి.

స్మాష్‌లోని సరదాను నేను కాదనను. చాలామందిని ఈ ఆటలోకి లాగేది అదే. కానీ ఆట నడిచే తీరు చూడండి. చాలాకాలం పాటు మొదటి నాలుగు సెట్లలో సర్వీస్ చేసే జట్టుకే పాయింటు వచ్చేది. 1990ల చివర్లో ఆ పద్ధతి మారి, ఎవరు సర్వీస్ చేసినా ప్రతి ర్యాలీకీ ఒక పాయింటు లెక్కించడం మొదలైంది. అందువల్ల నెట్‌కు తగిలి ఆగిపోయిన సర్వీస్ ఇప్పుడు నేరుగా ఎదుటివారికి పాయింటు. చెదిరిపోయిన రిసీవ్ వల్ల అప్పుడూ ఇప్పుడూ పోయేది పాయింటే. ప్రతి ర్యాలీలోనూ ఒకరు సర్వీస్ చేయక తప్పదు, ఎదుటివారిలో ఒకరు దానిని అందుకోక తప్పదు. స్మాష్ అలా కాదు. మొదటి పాస్, స్మాషర్‌కు బంతి ఎత్తి ఇచ్చే సెట్టర్‌కు చేరితేనే అది పుడుతుంది. కెప్టెన్ మిమ్మల్ని కూర్చోబెట్టడానికి కారణం మీరు గట్టిగా కొట్టలేకపోవడం కాకపోవచ్చు. మీ వైపు వచ్చిన సర్వీస్ ఏమవుతుందో తెలియకపోవడమే కారణమని ఎదుటి జట్టు ప్రవర్తన చూస్తే తెలుస్తోంది.

గొప్ప స్మాషర్లకు రిసీవ్ అవసరం లేదనే అపోహ ఒకటి ఉంది. 1984 ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన అమెరికా పురుషుల జట్టు సర్వీస్ అందుకునే బాధ్యతను ప్రధానంగా ఇద్దరికే అప్పగించింది. ఆ ఇద్దరిలో ఒకరు కార్చ్ కిరాలీ, మరొకరు ఆల్డిస్ బెర్జిన్స్. ఇండోర్‌లోనూ బీచ్‌లోనూ ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన కిరాలీని స్మాష్‌కు ఎంతగా గుర్తుపెట్టుకున్నారో, రిసీవ్‌కు కూడా అంతగానే గుర్తుపెట్టుకున్నారు.

ఇక రిసీవ్ గురించి. ముంజేతులను జోడించే విధానం మీకు తెలిసే ఉంటుంది: బొటనవేళ్లు పక్కపక్కనే కిందికి చూస్తూ ఉండాలి, మోచేతులు నిటారుగా ఉండాలి, బంతి మణికట్టుకు కొంచెం పైన, ముంజేతి చదునైన భాగం మీద పడాలి. ఇది అద్దం ముందు నిలబడితే ఒక్క రోజులో వచ్చేస్తుంది. అసలు కష్టం దానికి ముందూ వెనుకా ఉంది.

ముందున్నది చూపు. సర్వర్ బంతిని ఎగరేసినప్పటి నుంచే మీ పని మొదలవుతుంది. బంతిని ఏ భుజం ముందుకు ఎగరేశాడు, ఛాతీ ఎటు తిరిగి ఉంది, చేయి బంతిని కొట్టి ఆగిపోయిందా లేక దాటి కిందికి వచ్చిందా అన్నవి గమనిస్తే, బంతి నెట్ దాటకముందే అది పొట్టిదో పొడుగుదో, తిరుగుతూ వస్తుందో తిరగకుండా వస్తుందో చాలావరకు తెలుస్తుంది. సర్వర్ చేయి బంతికి తగిలే సమయానికి మీరు చిన్నగా, నేలను వదిలీ వదలనట్టుగా గెంతి రెండు పాదాల ముందు భాగాల మీద దిగండి. మడమల మీద బరువు వేసుకుని నిలబడిన మనిషికి మొదటి అడుగు ఎప్పుడూ ఆలస్యమే. నా దగ్గర సాధన చేసిన ఒక పొడగరి యువకుడి రిసీవ్‌లన్నీ అతని భుజం మీదుగా వెనక్కి పోయేవి. చేతులు సరిగా పెట్టడం రాదని అందరూ అతని చేతులనే సరిదిద్దుతూ వచ్చారు. నేను చేతుల ఊసెత్తలేదు. కొన్ని వారాల పాటు సర్వీసులు ఆపేసి, చేత్తో విసిరిన బంతులకే అతన్ని పరుగెత్తించాను. బంతి అందేలోగా రెండు పాదాలూ ఆగితేనే ఆ పాస్ లెక్కలోకి వస్తుంది, ఆగకపోతే ఎంత చక్కగా వెళ్లినా రాదు. అంతకు మించి నియమమేమీ పెట్టలేదు. బరువు ముందుకు రావడంతో చేతులు వాటంతటవే బంతి కిందికి చేరాయి.

కదిలేటప్పుడు చేతులు జోడించుకుని పరుగెత్తడం కొత్తవారిలో అతి సాధారణమైన లోపం. అలా చేస్తే వేగం తగ్గుతుంది, భుజాలు బిగుసుకుంటాయి. చేతులను విడిగా ఉంచి, చిన్న చిన్న పక్క అడుగులతో బంతి వెనుకకు చేరి, అప్పుడే జోడించండి.

వెనుకనున్నది కోణం. బంతి ఎటు వెళ్లాలో నిర్ణయించేది ముంజేతులు ఏర్పరచిన పలక ఏ దిక్కుకు చూస్తోందన్న విషయమే, చేతుల ఊపు కాదు. మీరు కోర్టు ఎడమ వెనుక భాగంలో ఉన్నారనుకోండి. సర్వీస్ ఎదురుగా వస్తుంది, సెట్టర్ మాత్రం కుడివైపు నెట్ దగ్గర ఉంటారు. అప్పుడు గమ్యం వైపున్న కుడి భుజాన్ని కొద్దిగా దించి, ఎడమ భుజాన్ని కాస్త లేపితే పలక సెట్టర్ వైపు తిరుగుతుంది. అదే కోణాన్ని బంతి తగిలేదాకా కదపకుండా ఉంచితే చాలు. వేగంగా వచ్చే సర్వీస్‌కు మీరు బలం జోడించనక్కర లేదు. వీలైతే చేతులను ఒక్క పిసరు వెనక్కి ఇచ్చి వేగాన్ని చంపండి. మెల్లగా వచ్చే బంతికి మాత్రం మోకాళ్లు నిటారు చేస్తూ కాళ్లతో బలమివ్వండి. రెండు సందర్భాల్లోనూ చేతులను భుజాల ఎత్తు దాటి ఊపితే బంతి మీ అదుపు తప్పుతుంది.

పాస్ ఎక్కడికి పంపాలన్న విషయంలో నా అభిప్రాయం చాలామంది కోచ్‌లు చెప్పేదానికి కొంచెం భిన్నంగా ఉంటుంది. ఆదర్శ స్థానం నెట్‌కు మీటరు, మీటరున్నర దూరంలో, కోర్టు మధ్యకు కాస్త కుడిగా ఉంటుందని మీరు వినే ఉంటారు. అది నిజమే, కానీ మొదటి ఏడాది ఆడేవారికి ఆ గురి ప్రమాదకరం. ఒక్క మీటరు అటూ ఇటూ అయితే బంతి నెట్ దాటిపోతుంది, అవతల నిలబడిన స్మాషర్‌కు అడగకుండానే వరమిచ్చినట్టవుతుంది. కొత్తవారు నెట్‌కు మూడు మీటర్ల దూరంలోని గీత దగ్గరికి, కోర్టు మధ్యలోకి, ఎత్తుగా పాస్ చేయాలి. ఎత్తుగా వెళ్లిన బంతి కింద చేరడానికి సెట్టర్‌కు సమయం దొరుకుతుంది. సెట్టర్ అందుకోలేకపోయినా మరొకరు సర్దుకోగలరు. గురి కుదిరేకొద్దీ నెట్‌కు దగ్గరగా జరపవచ్చు.

తిరగకుండా వచ్చే ఫ్లోట్ సర్వీస్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది బహుశా అదే. బంతి తిరగనప్పుడు దాని చుట్టూ ప్రవహించే గాలి అన్ని వైపులా ఒకే తీరుగా విడిపోదు. ఆ తేడా వల్ల బంతి దారిలో అటూ ఇటూ ఊగుతుంది, ఒక్కోసారి చివరి క్షణంలో కిందికి జారుతుంది. దీనిని ముంజేతులతోనే అందుకోవాలన్న నియమమేదీ లేదు. ఛాతీకి పైన వచ్చే ఫ్లోట్‌ను ఒక అడుగు ముందుకు వచ్చి, రెండు చేతుల వేళ్లతో తల ముందు నుంచే పాస్ చేయవచ్చు. జట్టు మొదటి టచ్‌లో, ఒకే ప్రయత్నంలో భాగంగా జరిగితే, బంతి రెండు చేతులకు వెంటవెంటనే తగిలినా నిబంధనలు తప్పు పట్టవు. బంతిని పట్టి విసిరితే మాత్రం అది తప్పే. చాలామంది కొత్తవారికి ఈ వెసులుబాటు తెలియక, ముఖం మీదికి వచ్చే బంతికి కూడా వెనక్కి వంగి ముంజేతులు పెట్టి కష్టపడతారు.

ఇద్దరి మధ్య పడే సర్వీస్ మరో సమస్య. అది నైపుణ్యానికి సంబంధించినదే కాదు, ముందస్తు ఒప్పందానికి సంబంధించినది. మధ్య బంతి ఎవరిదో సర్వీసుకు ముందే మాట్లాడుకోండి, బంతి నెట్ దాటేలోపే గట్టిగా "నాది" అనండి. మొహమాటపడే ఆటగాడి పక్కన ఆడటం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుసు.

సాధన విషయంలో ఒక హెచ్చరిక. గోడకు కొట్టి పాస్ చేయడం మంచిదే, ముంజేతులకు స్పర్శ అలవాటవుతుంది. కానీ గోడ నుంచి బంతి మీరు పంపిన దారినే తిరిగి వస్తుంది కాబట్టి, వస్తున్న బంతిని చదవడం, ఒక దిక్కు నుంచి వచ్చినదానిని మరో దిక్కుకు మళ్లించడం అది నేర్పదు. ముగ్గురు దొరికితే త్రికోణంగా నిలబడండి: ఒకరు నెట్ అవతలి నుంచి విసరాలి లేదా సర్వీస్ చేయాలి, మీరు అందుకోవాలి, మూడో వ్యక్తి సెట్టర్ స్థానంలో నిలబడి పట్టుకోవాలి. ఇద్దరే ఎదురెదురుగా నిలబడి గంటల తరబడి పాస్‌లు ఆడేవారు ఆ వరుసలో అద్భుతంగా కనిపించి, మ్యాచ్‌లో తేలిపోవడం నేను తరచూ చూస్తుంటాను.

ఇంకొక చిన్న విషయం, పెద్ద ప్రభావం చూపేది: బంతిలో గాలి. నిబంధనల ప్రకారం బంతి చుట్టుకొలత 65 నుంచి 67 సెంటీమీటర్లు, బరువు 260 నుంచి 280 గ్రాములు, లోపలి పీడనం చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కిలోలు. సాధన కోర్టుల్లో చాలా బంతులు దీనికన్నా గట్టిగా ఉంటాయి. అలాంటి బంతి ముంజేతి మీద నుంచి ఎగిరిపడుతుంది, చేతులు ఎర్రబడతాయి, కొత్తవారు భయంతో బంతి తగిలే క్షణంలో చేతులు వెనక్కి లాక్కుంటారు. పీడనం కొలిచే గేజ్ ఉన్న పంపు ఒకటి జట్టులో ఉంటే సగం మంది రిసీవ్ వెంటనే మెరుగైనట్టు అనిపిస్తుంది.

సర్వీస్ విషయానికి వస్తే, మీరు పై నుంచి కొట్టే సర్వీస్ చేస్తున్నారో కింది నుంచి చేస్తున్నారో చెప్పలేదు. భుజంలో ఇంకా బలం లేకపోతే కింది నుంచి చేయడంలో తప్పేమీ లేదు; కోర్టు వెనుక మూలలో పడే కింది సర్వీస్, నెట్‌కు తగిలే పై సర్వీస్ కన్నా వెయ్యి రెట్లు మేలు. పై నుంచి చేసేవారికి నేను నేర్పేది మామూలు నిలుచున్న ఫ్లోట్ సర్వీసే. జంప్ సర్వీస్ ప్రస్తుతానికి మరచిపోండి.

సర్వీస్ తప్పులకు మూలం ఎక్కువగా బంతిని ఎగరేయడంలోనే ఉంటుంది. దీనికి తేలికైన పరీక్ష ఉంది: బంతిని ఎగరేసి కొట్టకుండా వదిలేయండి. అది మీరు కొట్టే భుజానికి సూటిగా, శరీరానికి ఒక అడుగు ముందు పడాలి. తల వెనుకో, రెండో భుజం వైపో పడుతుంటే మీ చేయి ప్రతిసారీ కొత్త దారి వెతుక్కుంటోందని అర్థం. ఫ్లోట్‌కు బంతిని ఎక్కువ ఎత్తుకు ఎగరేయనక్కర లేదు, చేయి చాచితే అందేదానికన్నా కాస్త పైకి చాలు. అరచేతి గట్టి భాగంతో బంతి నడిమధ్యన కొట్టి, చేతిని అక్కడే ఆపండి. మణికట్టు మడిస్తే బంతి తిరుగుతుంది, ఊగడం పోతుంది.

రిఫరీ విజిల్ తరువాత సర్వీస్ చేయడానికి 8 సెకన్లు ఉంటాయి. కొత్తవారు విజిల్ వినగానే కంగారుగా కొట్టేస్తారు. ఊపిరి తీసుకుని, ఎవరి మీదికి వేయాలో చూసుకుని, అప్పుడు కొట్టండి. గురిపెట్టడం మాత్రం రెండో దశలో చేయవలసిన పని: పదికి ఎనిమిది సర్వీసులు కోర్టులో పడే దాకా గురి గురించి ఆలోచించవద్దు. ఆ తరువాత వెనుక గీతకు లోపల రెండు మూడు మీటర్ల పట్టీని, ఇద్దరు ఆటగాళ్ల మధ్య ఖాళీని లక్ష్యంగా పెట్టుకోండి. సర్వీస్ బంతి నెట్ పై అంచుకు తగిలి అవతల పడినా ఆట కొనసాగుతుంది కాబట్టి దానికి భయపడి మరీ ఎత్తుగా వేయనక్కర లేదు. సాధన చివర్లో, అలసిపోయినప్పుడు కొన్ని సర్వీసులు తప్పక చేయండి. మ్యాచ్‌లో మీకు సర్వీస్ వచ్చేది సుదీర్ఘమైన ర్యాలీ తరువాతే కావచ్చు.

ధైర్యంగా ఎప్పుడు వేయాలి, జాగ్రత్తగా ఎప్పుడు వేయాలి అన్న విచక్షణ కూడా సర్వీస్‌లో భాగమే. మీకు ముందు సర్వీస్ చేసిన సహచరుడు తప్పు చేసి ఉంటే, టైమ్ అవుట్ అప్పుడే ముగిసి ఉంటే, సెట్ చివరి పాయింట్లు నడుస్తుంటే, కోర్టులో పడే సర్వీస్ వేయండి. వరుసగా రెండు సర్వీసులు వృథా అయితే జట్టు ఊపు దెబ్బతింటుంది.

సెట్టింగ్ గురించి క్లుప్తంగా చెబుతాను. మీరు సెట్టర్ కాకపోయినా, సెట్టర్ మొదటి టచ్ తీసుకున్న ప్రతిసారీ రెండో బంతి మీ వంతు కావచ్చు. అప్పుడు అందమైన వేళ్ల సెట్ కోసం పాకులాడకుండా, అవసరమైతే ముంజేతులతోనే, నెట్‌కు రెండు మీటర్ల దూరంలో ఎత్తుగా అందించండి. స్మాషర్లు దానికే కృతజ్ఞతలు చెబుతారు.

స్మాష్‌కు కేటాయించిన సమయంలో ముందు అడుగులను సాధన చేయండి, అది కూడా బంతి లేకుండా. కుడిచేతి వాటం వారికి చివరి మూడు అడుగులు ఎడమ, కుడి, ఎడమ. మొదటిది నెమ్మదిగా, చివరి రెండూ దాదాపు ఒకదాని వెంట ఒకటి వేగంగా పడాలి. కొత్తవారు అందరూ తొందరగా పరుగు మొదలుపెట్టి బంతి కిందికి చేరిపోతారు, దానితో బంతి తల వెనుక తగులుతుంది. ఎత్తైన సెట్‌కు బంతి పైకి వెళ్లడం ముగించే దాకా ఓపిక పట్టండి. సగటు ఎత్తున్నవారు బ్లాక్ (నెట్ దగ్గర గెంతి స్మాష్‌ను అడ్డుకునే చేతులు) మీదుగా కొట్టాలని చూడకుండా, బ్లాకర్ చేతుల బయటి అంచుకు తగిలించి కోర్టు బయటికి పంపడం, ఖాళీగా ఉన్న వెనుక మూలల్లోకి మెత్తగా వేయడం నేర్చుకుంటే ఎక్కువ పాయింట్లు వస్తాయి. అధికారిక నెట్ ఎత్తు పురుషులకు 2.43 మీటర్లు, మహిళలకు 2.24 మీటర్లు, స్మాష్ నేర్చుకునే దశలో దానిని దించుకుని ఆడటానికి సిగ్గుపడనక్కర లేదు. అందని నెట్ మీద సాధన చేస్తే చేయి ఊపే తీరు చెడిపోతుంది, తరువాత దానిని సరిదిద్దడం కష్టం.

గెంతిన తరువాత రెండు కాళ్ల మీద, మోకాళ్లు వంచి దిగండి. చీలమండ గాయాలు ఎక్కువగా నెట్ దగ్గర మరొకరి పాదం మీద దిగడం వల్ల జరుగుతాయి. అందుకే పరుగును నేరుగా ముందుకు కాక పైకి మళ్లించడం అలవరచుకోవాలి. మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైతే గెంతడం తగ్గించండి, అది కొనసాగితే వైద్యుడికి చూపించండి. సిమెంటు నేల మీద ఆడేవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

మీ గంట సమయాన్ని ఎలా వాడుకోవాలంటే, పది నిమిషాలు శరీరం వేడెక్కించుకుని, ఇరవై నిమిషాలు త్రికోణంలో రిసీవ్ చేసి, పది నిమిషాలు సర్వీస్, మరో పది నిమిషాలు స్మాష్ సాధన చేయవచ్చు. మిగిలిన పది నిమిషాలు ఆరుగురు ఆరుగురుగా కాకుండా ఇద్దరిద్దరుగానో ముగ్గురు ముగ్గురుగానో, సగం వెడల్పు కోర్టులో ఆడండి. ఆరుగురి ఆటలో ఒక కొత్త ఆటగాడు వరుసగా ఎన్నో ర్యాలీల పాటు బంతిని తాకకుండానే నిలబడిపోతాడు; చిన్న కోర్టులో తప్పించుకునే చోటు ఉండదు. సగం కోర్టు ఆటకు సగం సమయం ఇచ్చినా నేను అభ్యంతరం చెప్పను.

పురోగతిని కొలవడానికి రిసీవ్‌లకు మార్కులు వేయించుకోండి. సెట్టర్ కదలకుండా ఏ స్మాషర్‌కైనా ఇవ్వగలిగిన పాస్‌కు మూడు, కొద్దిగా కదిలి ఒకరిద్దరికి ఇవ్వగలిగితే రెండు, ఎలాగో అవతలికి పంపగలిగితే ఒకటి, పాయింటు పోతే సున్నా. కూర్చున్న మిత్రుడెవరైనా కాగితం మీద రాయగలరు. మీరు ఇప్పట్లో మూడుల కోసం చూడవద్దు. సున్నాలు తగ్గుతున్నాయా అని మాత్రమే చూడండి.

చివరగా, లిబెరోగా మారాలా అన్న మీ రెండో ప్రశ్న. 1998 నుంచి అంతర్జాతీయ ఆటలో ఉన్న ఆ స్థానం మీ ఎత్తుకు సరిపోవచ్చు, కానీ ఆరు నెలలకే ఆ నిర్ణయం తీసుకుంటే సర్వీస్, బ్లాక్, స్మాష్ నేర్చుకునే అవకాశం మూసుకుపోతుంది. అంతకన్నా కెప్టెన్‌తో మాట్లాడి, ఒక పొడవైన బ్లాకర్‌కు సర్వీస్ వంతు వచ్చినప్పుడు ఆ స్థానంలో మిమ్మల్ని దింపమని అడగండి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం సెట్‌కు ఆరు మార్పిడులు చేయవచ్చు, బయటికి వెళ్లిన ఆటగాడు అదే సెట్‌లో ఒకసారి తన స్థానానికి తిరిగి రావచ్చు. సర్వీస్ చేసి, వెనుక వరుసలో మూడు రొటేషన్లు (ఆటగాళ్లు స్థానాలు మారే వంతులు) నిలబడి రిసీవ్ చేయగల మనిషి చాలా జట్లకు కావాలి. ఆ పనికి స్మాష్ అవసరం లేదు కాబట్టి, మీరు దానికి ఈ మూడు నెలల్లోనే సిద్ధం కావచ్చు.